ఎన్నో రోజని అడగని వెబ్‌సైటు

ఫిబ్రవరి పదమూడు, గురువారం. మధ్యాహ్నం రెండు గంటలు. తోటపల్లి గూడూరు మండలం, ఉప్పుకాలువ ఒడ్డున రొయ్యల మేత నిల్వచేసే షెడ్డు.

హాజరైనవారు: ఎస్తేరమ్మ, రెండెకరాల గుంట కౌలుకు తీసుకుని రొయ్యలు సాగుచేసే రైతు. పెంచలయ్య, కాలువ రైతుల సంఘం కార్యదర్శి. ప్రశాంతి, మా సంస్థలో ప్రోగ్రామరు. నేను.

డైరీలో ఆ పేజీ ఇలా మొదలైంది. పనికి సంబంధించిన నా పేజీలన్నీ ఇలాగే మొదలవుతాయి: తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారు. చాదస్తం అని ఆఫీసులో నవ్వుకునేవారు. కానీ పక్కన ఎవరున్నారో రాసుకోకపోతే మిగతాది రాసుకుని లాభం లేదు. ఒక మనిషి వెబ్‌సైటు వాడి చూస్తుండగా దాని యజమాని పక్కనే కూర్చుంటే, ఆ మనిషి తెలియనిదాన్ని తెలిసినట్టు నటిస్తాడు. దారి తప్పి కూడా తప్పలేదంటాడు. ఎస్తేరమ్మ నటించలేదు. అందుకే ఈ వృత్తి గురించి కొత్తవాళ్లకు చెప్పవలసి వస్తే నేను ఆ మధ్యాహ్నం దగ్గరే మొదలుపెడతాను. అప్పటికి నేను రిటైరవడానికి ఇంకొక ఏడాది ఉంది.

నా పని పెద్ద పేరున్నది కాదు. నెల్లూరులో ఒక చిన్న సంస్థలో వెబ్‌సైట్లకు మెనూలు అమర్చేవాణ్ణి. తెరిచిన మనిషి తనకు కావలసిన చోటికి తడుముకోకుండా చేరాలి. ఏది ముందు ఉండాలి, ఏది దేని కింద ఉండాలి, దానికి ఏ మాట పెట్టాలి. ఇంతే పని. దారి బాగుంటే దారి వేసినవాడు ఎవరికీ గుర్తుకురాడు. అది ఈ పనికి శాపమని కొందరంటారు. నాకు మాత్రం అదే నచ్చేది.

షెడ్డులో

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కలలో చూసినట్టే గుర్తుంది. ఎండ పల్చగా ఉంది. చుట్టూ గుంటలన్నీ ఆకాశాన్ని నింపుకుని పడుకున్నాయి. దూరాన గట్ల మీద నడిచేవాళ్లు నీళ్ల మీద నడుస్తున్నట్టు కనిపిస్తున్నారు. నీటికి గాలి అందించే ఏరియేటర్లు నురగ చిమ్ముతూ ఒకే తీరున తిరుగుతుంటే, కాసేపటికి ఆ చప్పుడే నిశ్శబ్దంలా వినిపించసాగింది. మేత బస్తాల వాసన, సముద్రం మీంచి ఉప్పుగాలి. ఎవరికైనా కళ్లు మూతపడే చోటు అది.

కాలువ వెంట పదకొండు గుంటల రైతులు కలిసి పెట్టుకున్న సంఘానికి మేము వెబ్‌సైటు చేశాం. పెంచలయ్య దాన్ని అప్పటికే అందరి ఫోన్లలో పెట్టించాడు. సముద్రపు పోటు ఎన్నింటికి వస్తుందో చూసుకోవడానికి అందరూ పొద్దున్నే తెరుస్తున్నారు. మిగతా పేజీల జోలికి ఎవరూ పోవడం లేదు. ఎందుకో తెలుసుకోవడానికి వచ్చాం.

ఎస్తేరమ్మ చేతికి ఆమె ఫోనే ఇచ్చి, "మీ గుంటలో రొయ్యలు మేత సరిగా తినడం లేదనుకోండి. ఏం చేయాలో ఇందులో వెతకండి," అన్నాను. అంతవరకే చెప్పి నోరు మూసుకోవాలి. అది నా నియమం. పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

ఆమె ఫోను దూరంగా పట్టుకుని చూసింది. "ఏంది, ఇన్ని ఫోటోలు? ఈయన మన పెంచలయ్యే గదా. చొక్కా బాగుండాది పెంచలయ్యా."

"నిన్ను చొక్కా చూడమన్నారా అక్కా, మేత సంగతి చూడమన్నారా?" అన్నాడు పెంచలయ్య.

"చొక్కానే కనపడతా ఉంటే నేనేం చేసేది? మేత యాడుందో కనపళ్లా."

ప్రశాంతి ఉండబట్టలేకపోయింది. "పైన మూడు గీతలున్నాయి కదా ఆంటీ, అవి నొక్కండి."

"అవా! ఫోను పగిలిన గీతలనుకున్నా."

నిజంగానే ఆమె ఫోను అద్దం పగిలి ఉంది. నేను ప్రశాంతి వైపు కళ్లెర్రజేశాను. కానీ తప్పు ఆ అమ్మాయిది కాదు. మెనూ మొత్తాన్ని మూడు గీతల వెనక దాచినవాణ్ణి నేనే. స్క్రీను శుభ్రంగా కనిపిస్తుందని దాచాను. శుభ్రంగా ఉన్న ఇంట్లో చెంబు ఎక్కడుందో తెలియకపోతే దాహం తీరదు.

గీతలు నొక్కితే వరసగా వచ్చాయి: మా గురించి, సేవలు, వనరులు, వ్యాధులు, ఫిర్యాదులు, సంప్రదించండి. ఆమె 'వ్యాధులు' తెరిచింది. అందులో ఇరవైకి పైగా పేర్లు, అకారాది క్రమంలో. కిందికి పోయింది, పైకి వచ్చింది, మళ్లీ కిందికి పోయింది. తర్వాత ఫోను ఒళ్లో పెట్టుకుని నవ్వింది.

"రోగం పేరు తెలిస్తే ఇంక నాకు ఇదెందుకు సార్? తెలీకనే గదా చూసేది."

నేను రాసుకున్నాను. ఆమె ఇంకా ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు నీళ్లవైపు చూస్తోంది.

"చెప్పండమ్మా," అన్నాను.

"ఏం లేదు సార్. నా గుంట నలబై ఏడో రోజు. అదొక్కటి అడగలేదు ఇది. గట్టు మీదికి ఎవురొచ్చినా ముందు అదే గదా అడిగేది, ఎన్నో రోజక్కా అని. ప్రార్థనకొచ్చిన మా పాస్టరుగారు కూడా కాళ్లు కడుక్కోకముందే అదే అడగతాడు. ఇదేమో ఇంతసేపూ నాతో ఉండి అడగనే లేదు."

పెంచలయ్య గట్టిగా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను చేసిన తప్పు

రొయ్య పిల్లల్ని గుంటలో వదిలిన రోజు ఒకటో రోజు. అక్కడి నుంచి పట్టుబడి దాకా, అంటే రొయ్యల్ని వలవేసి పట్టి అమ్మే రోజు దాకా, రైతు కాలమంతా ఆ లెక్కలోనే నడుస్తుంది. ఎంత మేత వేయాలి, రొయ్య ఎంత పెరిగి ఉండాలి, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు, అన్నీ రోజును బట్టే. ఇరవయ్యో రోజు మేత మిగలడం వేరు, తొంభయ్యో రోజు మిగలడం వేరు. ఆ కాలువ మీద మనుషులు పండగలను కూడా అలాగే గుర్తుపెట్టుకుంటారు. "క్రిస్మస్‌కి నాది ఎనభయ్యో రోజు" అంటారు. ఇదంతా నేను విన్నదే. వాళ్లతో మాట్లాడడానికి అంతకుముందు నాలుగుసార్లు వెళ్లాను. నా డైరీలోనే ఉంది. ప్రతిసారీ గట్టు మీద మొదటి ప్రశ్న అదేనని నా చేత్తోనే రాసి పెట్టుకున్నాను. రాసుకున్నాను గాని చూడలేదు.

దానికి కారణం నా పాత అలవాటు. కంప్యూటర్లు రాకముందు నేను ఒక అచ్చాఫీసులో పేర్ల డైరెక్టరీలు కూర్చేవాణ్ణి. వేల పేర్లు అకారాదిగా వరసపెట్టడంలో ఒక మత్తు ఉంటుంది. అన్నీ తమ తమ చోట్ల నిలబడితే లోకం సర్దుకున్నట్టే అనిపించేది. ఆ మత్తు నన్ను ముప్పై ఏళ్లు వదల్లేదు. వరస అంటే పద్ధతి అనుకున్నాను. కానీ ఆ వరస నాకు పద్ధతి. పేరు ముందే తెలిసినవాడికి పద్ధతి. ఏమీ తెలియక భయపడి వచ్చిన మనిషికి అది గోడ.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. మనిషి తనకు తెలియనిదాన్ని వెతుక్కుంటూ వస్తాడు. కానీ తనకు తెలిసిన ఒకటి రెండు సంగతులు చేతిలో పట్టుకుని వస్తాడు. మన మొదటి పేజీ ఆ చేతిలో ఉన్నదాన్ని అందుకోవాలి.

మా పెద్దసారు

మా సంస్థ యజమాని చంద్రశేఖర్ గారు. జీతం ఒక్కనాడూ ఆలస్యం చేయని మనిషి. కానీ ఆయనకు వెబ్‌సైటు అంటే ఆఫీసు భవనం. వరండాలో గదులు, గదులకు బోర్డులు, హాల్లో అధ్యక్షుడి ఫోటో. సంఘం వెబ్‌సైటులో మొదటి పేజీ అంతా ఫోటోలతో నిండడం ఆయన కోరికే. నేను అడ్డు చెప్పలేదు. అది కూడా నా తప్పుల పద్దులోనే వేసుకోవాలి.

ఆయనకు ఇంకో నియమం ఉండేది. ఏదైనా మూడు క్లిక్కుల్లో దొరకాలి. నాలుగో క్లిక్కు కనిపిస్తే పెన్ను విసిరేవారు. ఆ నియమం కోసం నేను ఎన్నో మెనూలను కుక్కి కుక్కి నింపాను. వేర్వేరుగా ఉండాల్సినవాటిని ఒకే మాట కింద తోసేశాను. ఎస్తేరమ్మలాంటి వాళ్ల పక్కన కూర్చున్నాకే తెలిసింది, మనుషులు క్లిక్కులు లెక్కపెట్టరు. ప్రతి క్లిక్కులో 'సరైన దారిలోనే ఉన్నాను' అనిపిస్తే ఆరు చేస్తారు, ఏడు చేస్తారు. అనుమానం కలిగించే క్లిక్కు ఒక్కటి తగిలితే అక్కడే ఆగిపోతారు. చాలామంది వెనక్కి కూడా రారు. మొత్తం మూసేసి మళ్లీ మొదటినుంచి తెరుస్తారు, ఊళ్లో దారితప్పినవాడు బస్టాండుకు తిరిగివచ్చి మళ్లీ బయలుదేరినట్టు. అందుకని ఆ బస్టాండు ఎక్కడి నుంచైనా కనిపించేలా పెట్టాలి.

ఈ మాట చంద్రశేఖర్ గారితో అన్నప్పుడు, "మీరు ఈమధ్య మరీ కవిత్వం చెబుతున్నారండీ," అన్నారు. నియమం మాత్రం మార్చలేదు.

పళ్లెం

మూడు గంటలకు ఎస్తేరమ్మ లేచింది. మేత వేసిన రెండు గంటలకు, నీళ్లలో వేలాడదీసిన పళ్లెం పైకి లాగి రొయ్యలు ఎంత తిన్నాయో చూడాలి. చెక్‌ ట్రే అంటారు. మేమూ వెంట నడిచాం. ఆమె తాడు లాగింది. పళ్లెం నెమ్మదిగా పైకి తేలింది. మేత వేసింది వేసినట్టే ఉంది.

ఆమె పళ్లెం పక్కన పెట్టి వంగింది. గట్టు పక్కన పల్చటి నీళ్లలో ఒక రొయ్య, పక్కకు ఒరిగి, కాళ్లు మాత్రం ఆడిస్తోంది. దాన్ని తీసి, తలమీది పెంకు ఒలిచి, ఎండకు అడ్డంగా పట్టుకుంది. అద్దంలాంటి ఆ పెంకు మీద చుక్కలు చుక్కలుగా తెలుపు.

"తెల్లమచ్చ," అంది. ఆ రోగానికి మందు లేదు, రోజుల్లోనే గుంట మొత్తం పోతుంది.

పెంచలయ్య నవ్వు ఎటు పోయిందో. "పొద్దున నీళ్లు వదిలినావా అక్కా?"

"జానెడు వదిలినా. అడుగున ఉండే మురికి నీళ్లు. రోజూ వదిలేదే గదా."

ఆ నీళ్లు వెళ్లింది కాలువలోకి. పదకొండు గుంటలూ నీళ్లు తీసుకునేది ఆ కాలువలోంచే. ముందురోజే పౌర్ణమి. మర్నాడు పొద్దున తొమ్మిదికి పెద్ద పోటు. కాలువ నిండగానే అందరూ మోటార్లు వేస్తారు. ఆ నీళ్లు గుంటల్లోకి వెళితే ఒక గుంట రోగం పదకొండు గుంటల రోగమవుతుంది.

"నువ్వు ఫోన్లు చెయ్యవయ్యా," అన్నాను పెంచలయ్యతో.

"నేను చెయ్యను, అన్నా. పోయినేడు ఒకాయన గుంటకి ఇట్నే అయితే నేనే చెప్పినా అందరికీ. ధర చెడగొట్టినానని ఆయింటోళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు. అప్పుడే తీర్మానం చేసుకున్నాం. గుంట రైతు తానుగా చెప్పాల. వెబ్‌సైటులో చెప్పాల. ఇంకెవురూ నోరెత్తకూడదు." కాస్త ఆగి, "అక్క చెప్పిందాకా నేనేమీ చూడలేదు," అన్నాడు.

ఆ కాలువ మీద రోగం వచ్చిందని ఎవరూ చెప్పరు. కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. పక్కవాళ్లు ఎదురుపడితే తల తిప్పుకుంటారు. అందుకని రోగం తగిలిన రైతులు రాత్రికి రాత్రి రొయ్యలు పట్టేసి, నీళ్లు వదిలేసి, 'ఈ సైజు చాలనిపించి పట్టేశాం' అంటారు. ఎస్తేరమ్మ కూడా అలా చేయొచ్చు. చేసినా అడిగేవాళ్లు లేరు. గట్టు మీద నిలబడి ఆమె చాలాసేపు కాలువను చూసింది.

"ఇందులో యాడ చెప్పాల సార్?" అంటూ ఫోను తీసింది.

ఆ పేజీ నేను పెట్టిన చోటు 'ఫిర్యాదులు'. దాని కింద 'వ్యాధి'. ఎవరైనా ఏదైనా తెలియజేయాలంటే అన్నీ అక్కడే. మూడు క్లిక్కుల కోసం అక్కడ కుక్కాను. ఆమె వేలు ఆ మాట దగ్గరికి వెళ్లి ఆగింది.

"ఫిర్యాదంటే పోలీసు టేషను మాట గదా. నా మీద నేనే పెట్టుకోవాల్నా?"

ముప్పై ఏళ్ల పనిలో నా మెనూ గురించి ఇంత ఖచ్చితమైన తీర్పు నేను వినలేదు.

మాట దొరికింది

మేత బస్తా మీద ప్రశాంతి లాప్‌టాప్ తెరిచింది. "పెద్దసారును అడగొద్దా సార్?" అంది.

"రేపు అడుగుదాం," అన్నాను.

మొదటి పేజీలో ఫోటోలు తీసేశాం. పైన పోటు సమయం, రోజూ అందరూ చూసేది అదే కాబట్టి. దాని కింద ఒకే ప్రశ్న: మీ గుంట ఎన్నో రోజు? ఆ తర్వాత, ఈరోజు ఏం కనిపించింది? మేత మిగిలింది, రొయ్యలు గట్టుకొచ్చాయి, నీళ్ల రంగు మారింది. ఎస్తేరమ్మ పక్కన కూర్చుని, "ఏం కనపళ్లేదు, భయంగా ఉండాది అని కూడా ఒకటి పెట్టండి. సగం రోజులు అట్నే ఉంటాం," అంది. అదీ పెట్టాం. రోగాల పేర్లన్నీ ఈ ప్రశ్నల వెనక్కి పోయాయి.

ఇక చివరి మాట మిగిలింది. 'వ్యాధి సమాచారం' అని ప్రశాంతి రాసింది. 'హెచ్చరిక' అని నేను రాశాను. రెండూ పొడిపొడిగా ఉన్నాయి. ఎస్తేరమ్మను అడిగాను. "వెబ్‌సైటు సంగతి వదిలేయండి. పక్క గుంటాయన ఎదురుగా ఉన్నాడు. నోటితో ఏమంటారు?"

ఆమె కొంగుతో చేయి తుడుచుకుంది. ఎదురుగా ఎవరో ఉన్నట్టే చూస్తూ, "రేపు నీళ్లు తీయబాకండయ్యా," అంది.

ఆ మాటే పెట్టాం. నీళ్లు తీయబాకండి. ఎర్రగా, పెద్దగా, పోటు సమయం పక్కనే. ఒకరు దాన్ని నొక్కి పంపితే ఆ కబురు అందరి ఫోన్లలోనూ అక్కడే కనిపిస్తుంది. 'తీయవద్దు' అని రాయాలి, ఇది పుస్తక భాష కాదని పెద్దసారు అంటారని తెలుసు. కానీ మెనూలో మాట మనం రాయకూడదు. వాళ్ల నోట్లోంచి తీసుకోవాలి.

"పేరు అడగాలా వద్దా సార్?" అంది ప్రశాంతి.

"పేరు లేకుంటే ఎవుడు నమ్మతాడు?" అన్నాడు పెంచలయ్య. "పేరు అడిగితే ఎవరు చెప్తారు?" అంది ప్రశాంతి. ఇద్దరి మాటా నిజమే. పేరు గడి ఖాళీగా వదిలేసినా ముందుకు వెళ్లేలా చేశాం. కాలువ మీద ఏ తూము అన్నది మాత్రం తప్పనిసరి. తూమును బట్టి ఎవరో ఊహించుకోవచ్చు, కానీ పేరు రాయమని మేము బలవంతపెట్టం.

అయిదున్నర దాటింది. ఎండ పసుపురంగుకు తిరిగి గుంటలన్నీ పసుపునీళ్లు పోసినట్టున్నాయి. ఎస్తేరమ్మ ఆ ఎర్రటి మాట నొక్కింది. తూము నంబరు పెట్టింది. పేరు గడి దగ్గర ఆగి ప్రశాంతికి ఫోను అందించింది.

"రాయి పాపా. ఎస్తేరమ్మ అని. మొగుడి పేరు అక్కర్లేదు. గుంట నాది."

పంపించింది. తర్వాత వెళ్లి, తన గుంట తూముకు అడ్డంగా పెట్టిన చెక్క మీద ఇంకో రెండు ఇసుక మూటలు వేసి వచ్చింది.

మర్నాడు

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు ప్రశాంతి, నేను మళ్లీ అక్కడ బస్సు దిగాం. మంచు ఇంకా విడిపోలేదు. గట్లు ఎక్కడ ముగిసి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. కాలువ లోపలి నుంచి ఉబ్బుతున్నట్టు పైకి వస్తోంది. మామూలుగా ఆ వేళకు మోటార్ల మోతలో పక్కమనిషి మాట వినిపించదు. ఆ రోజు నీళ్లు తూముల చెక్కలకు తగిలే చిన్న చప్పుడు వినిపించింది. ఎస్తేరమ్మ, పెంచలయ్య కాలువ వైపు చెవి పెట్టి నిలబడి ఉన్నారు.

అప్పుడు నాలుగో తూము దగ్గర ఒక మోటారు మోగింది.

ఎస్తేరమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి గట్టు మీద పరుగెత్తింది. మంచులో ఆమె కనిపించకుండా పోయింది, గొంతు మాత్రం వినిపించింది. "సుబ్బరాయుడా! ఆపయ్యా! తీయబాకయ్యా!"

మోటారు ఆగింది. మేము చేరేసరికి ఆ గుంట రైతు సుబ్బరాయుడు ఫోను పట్టుకుని బిత్తరపోయి నిలబడి ఉన్నాడు. "చూసే వేసినా గదక్కా! ఇందులో ఏమీ లేదే!"

ప్రశాంతి ఫోను తీసుకుంది. పాత పేజీ. అవే ఫోటోలు, అదే చొక్కా, నిన్నటి పోటు సమయం. కొత్తది తేకుండా ఫోను తన దగ్గర దాచుకున్న పేజీనే చూపించింది. నిన్న సాయంత్రం మేము ఎస్తేరమ్మ ఫోనులో చూసి సంతోషించాం. ఇంకో ఫోనులో చూడలేదు. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంతసేపు తోలినావు?" అంది ఎస్తేరమ్మ.

"పది నిమిషాలుంటదేమో. నిల్వ గుంటలోకే. రొయ్యల్లోకి ఇంకా వదల్లా."

"బ్లీచింగు కొట్టు. నాలుగు దినాలు ముట్టుకోబాక." ఆమె ఊపిరి ఇంకా అందడం లేదు. గట్టు మీద కూలబడింది. "నా వల్లే నాయనా. నా నీళ్లే అయ్యి."

సుబ్బరాయుడు మోటారు వైపు చూశాడు. కాలువ వైపు చూశాడు. అతను ఏమంటాడోనని మేమంతా చూస్తున్నాం. అతను వంగి మోటారు వైరు పీకి చుట్టచుట్టాడు.

"కాలువలోకి నీళ్లు వదలకుండా రొయ్యలు పట్టాలంటే నీ వల చాలదక్కా," అన్నాడు. "నాది పెద్దది. తెస్తా ఉండు."

పది గంటలకు ఆమె గుంటలో రెండు వలలు దిగాయి. రెండో తూము ఆయన, ఏడో తూము అన్నదమ్ములు, పిలవకుండానే వచ్చి మోకాళ్లలోతు నీళ్లలో తాళ్లు పట్టుకున్నారు. ప్రశాంతి గట్టు మీద కూర్చుని, ఒక్కొక్కరి ఫోనూ అడిగి తీసుకుని, పాత పేజీ చెరిపి కొత్తది తెరిచి ఇస్తోంది. తడిచేతులతో వాళ్లు దాన్ని చూసి, మళ్లీ వల దగ్గరికి పోతున్నారు. మంచు విడిపోయింది. నిండిన కాలువ కాసేపు కదలకుండా నిలబడింది. ఆ తర్వాత ఎవరూ చుక్క కూడా తీసుకోని ఆ నీళ్లు మెల్లగా సముద్రం వైపు వెనక్కి నడిచాయి.